మత్తు బడి గడప తొక్కకముందే: టీచర్లు, తల్లిదండ్రులు, ఊరి పెద్దలు చేయాల్సిన పనులు

ఏటా మత్తుపదార్థాల వ్యతిరేక దినం జూన్ 26 రాగానే చాలా బడుల్లో ఒకటే తంతు. ఊరేగింపు, ప్లకార్డులు, చేయి చాపి ప్రతిజ్ఞ, ఒక అధికారి ప్రసంగం, గోడ మీద పుర్రె బొమ్మ పోస్టరు. మర్నాటికి అన్నీ సర్దేస్తారు, మళ్లీ ఏడాది దాకా ఆ ఊసే ఉండదు. దీనివల్ల పిల్లల వాడకం తగ్గదని లెక్కలతో తేలింది. అమెరికాలో 1983లో లాస్ ఏంజెలెస్‌లో మొదలైన డేర్ అనే కార్యక్రమంలో పోలీసులే తరగతికి వచ్చి పాఠం చెప్పేవారు. అది దేశమంతా పాకింది. పరిశోధకులు ఆ పిల్లల్ని ఏళ్ల తరబడి గమనించి చూస్తే, పాఠం విన్నవాళ్లకీ విననివాళ్లకీ వాడకంలో చెప్పుకోదగ్గ తేడా దొరకలేదు. అదే దేశం 1998 నుంచి 2004 దాకా టీవీ ప్రకటనల మీద దాదాపు వంద కోట్ల డాలర్లు పెట్టింది. మేలు కనపడలేదు సరికదా, ప్రకటనలు ఎక్కువగా చూసిన పిల్లల్లో కొందరికి ‘ఇంతగా చెబుతున్నారంటే అందరూ వాడుతున్నట్టే ఉంది’ అన్న భావం బలపడింది.

ఎందుకిలా జరుగుతుంది? పదమూడేళ్ల పిల్లాడికి ఇరవై ఏళ్ల తర్వాత వచ్చే జబ్బు భయం పుట్టించదు. ‘ఒక్కసారి ముట్టుకుంటే చచ్చిపోతావు’ అని మనం చెబుతాం. వాడి స్నేహితుడు ముట్టుకుని నిక్షేపంగా తిరుగుతుంటాడు. ఆ క్షణంలో మనం చెప్పిన నిజాలు కూడా అబద్ధాల జాబితాలో చేరిపోతాయి. మత్తుపదార్థాల నమూనాలు పెట్టెలో తెచ్చి చూపించడం, వాటి పేర్లూ ధరలూ వాడే తీరూ వివరించడం కుతూహలాన్నే పెంచుతాయి. మానేసినవారిని పిలిచి కథ చెప్పించడం మంచి ఉద్దేశంతోనే చేస్తారు గానీ, పిల్లలకి అందులో వినపడేది వేరు: ‘అంత వాడినా చివరికి బాగుపడ్డాడుగా, వేదికెక్కి చప్పట్లు కొట్టించుకుంటున్నాడుగా.’

ఐక్యరాజ్యసమితి మత్తుపదార్థాల, నేరాల విభాగం 2013లో నివారణ ప్రమాణాలు ప్రచురించింది. 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థతో కలిసి వాటిని సవరించింది. ఉపన్యాసాలు, భయపెట్టడం, మాజీ వాడకందార్ల సాక్ష్యాలు, పోలీసుల చేత పాఠాలు చెప్పించడం, ఇవన్నీ అందులో పనిచేయనివాటి వరసలో ఉన్నాయి. పనిచేసేవి చూడటానికి చప్పగా ఉంటాయి, ఫొటోలకి పనికిరావు. అవే ఈ వ్యాసంలో చెప్పబోతున్నవి.

ముందు మీ బడి సంగతి తెలుసుకోండి

మొదటి నెలలో పాఠాలేవీ మొదలుపెట్టొద్దు. ముందు పేర్లు లేని సర్వే చేయండి. 12 ఏళ్లు దాటిన పిల్లలకి ఒక్క కాగితం, పదిహేను పదహారు ప్రశ్నలు, ఇరవై నిమిషాలు చాలు. పొగాకు, వేప్ (ఎలక్ట్రానిక్ సిగరెట్), మద్యం, గంజాయి, వాసన పీల్చే ద్రావకాలు, డాక్టరు రాయకుండా మింగిన మాత్రలు: వీటిలో ఒక్కోదానికీ రెండే ప్రశ్నలు. గత 30 రోజుల్లో వాడావా? నీ తరగతిలో వందకి ఎంతమంది వాడారని అనుకుంటున్నావు? రెండో ప్రశ్న వృథా అనిపించవచ్చు. తర్వాత పాఠాల్లో అదే మీ ముఖ్యమైన ఆయుధం.

మిగతా ప్రశ్నలు వాడకం గురించి కాకుండా పిల్లల జీవితం గురించి ఉండాలి. బడిలో నీ బాధ చెప్పుకోగల పెద్దవాళ్లు ఒక్కరైనా ఉన్నారా? సాయంత్రం నువ్వెక్కడ ఉంటావో ఇంట్లో తెలుసా? బడి అయ్యాక వారంలో ఎన్ని రోజులు పెద్దవాళ్ల అజమాయిషీ లేకుండా గడుపుతావు? మత్తు కావాలంటే ఎక్కడ దొరుకుతుంది?

సర్వే చెడిపోయేది సాధారణంగా ఒకే కారణం వల్ల: పిల్లలు నమ్మకపోవడం. తరగతి టీచరే కాగితాలు పంచి, బల్లల మధ్య తిరుగుతూ తొంగిచూస్తే ఎవరూ నిజం రాయరు. ఆ తరగతికి పాఠం చెప్పని వ్యక్తి పంచాలి. పిల్లలే కాగితం మడిచి, మూతకి చీలిక ఉన్న పెట్టెలో వేయాలి. పేరు, రోల్ నంబరు, పుట్టినరోజు అడగకూడదు. తల్లిదండ్రులకి ముందుగా తెలియజేసి అనుమతి తీసుకోవాలి. ఫలితాల పట్టికలో ఐదుగురికంటే తక్కువమంది ఉన్న గడి ఏదైనా వస్తే అంకె వేయకుండా ‘ఐదుగురిలోపు’ అని రాయండి. లేకపోతే ఆ ఇద్దరెవరో కూపీ లాగడం మర్నాడే మొదలవుతుంది.

చిన్న తరగతుల్లో మత్తు మాటే ఎత్తొద్దు

ఆరేడేళ్ల పిల్లలకి డ్రగ్స్ గురించి చెప్పాల్సింది ఏమీ లేదు. ఇంట్లో మందులు, సీసాలు పెద్దవాళ్లు ఇస్తేనే ముట్టుకోవాలన్నది తప్ప. కానీ నివారణకి గట్టి పునాది పడేది ఆ వయసులోనే. కుదురుగా కూర్చోవడం, వంతు వచ్చేదాకా ఆగడం, కోపం వచ్చినప్పుడు చెయ్యి ఎత్తకపోవడం అలవాటుకాని పిల్లలు బడిలో వెనకబడతారు. వెనకబడ్డవాళ్లు తమలాంటివాళ్లతో జట్టు కడతారు. ఆ జట్టులోనే పన్నెండు, పదమూడేళ్లకి మొదటి దమ్ము, మొదటి గుటక ఎదురవుతాయి.

దీనికి ‘మంచి నడవడి ఆట’ అనే పద్ధతి ఉంది. 1969లో అమెరికాలోని కాన్సస్‌లో దాని మీద మొదటి పరిశోధన వచ్చింది. 1980ల నడుమ బాల్టిమోర్‌లో మొదటి తరగతి పిల్లలతో ఆడించి, వాళ్లు 19, 21 ఏళ్లవాళ్లయ్యాక వెతికి చూస్తే, ముఖ్యంగా చిన్నప్పుడు దూకుడుగా ఉన్న మగపిల్లల్లో మత్తు వ్యసనాలు తక్కువగా కనిపించాయి. ఆ పిల్లలతో అప్పట్లో ఎవరూ మత్తు గురించి ఒక్క మాట మాట్లాడలేదు.

ఆడించడం తేలిక. తరగతిని నాలుగు నుంచి ఏడుగురున్న జట్లుగా చేయండి. ప్రతి జట్టులో అల్లరివాళ్లూ సిగ్గరులూ కలిసి ఉండాలి. బోర్డు మీద నాలుగే నియమాలు రాయండి: మెల్లగా మాట్లాడాలి, అనుమతి లేకుండా లేవకూడదు, మర్యాదగా ఉండాలి, చెప్పిన పని చేయాలి. మొదట్లో వారానికి మూడుసార్లు, పదేసి నిమిషాలు. ఆట నడిచేటప్పుడు పాఠం మామూలుగా సాగుతూనే ఉంటుంది. నియమం తప్పితే ఆ జట్టుకి ఒక గీత. సమయం అయ్యేసరికి నాలుగు గీతలు దాటని ప్రతి జట్టూ గెలిచినట్టే. అన్ని జట్లూ గెలవవచ్చు, అదే దీని కీలకం. బహుమతి మొదటి వారాల్లో వెంటనే ఇవ్వాలి. ఒక స్టిక్కరో, రెండు నిమిషాలు గంతులేసే స్వేచ్ఛో చాలు. తర్వాత తర్వాత దాన్ని సాయంత్రానికి, వారాంతానికి జరపాలి. ఆట వ్యవధినీ పెంచుతూ పోవాలి. ఎప్పుడు ఆడతారో చివరికి ముందే చెప్పడం మానేయాలి.

టీచర్లు ఎక్కువగా చేసే పొరపాటు, గీత వేస్తూ తప్పు చేసినవాడి పేరెత్తి తిట్టడం. ‘రెండో జట్టుకి ఒక గీత, లేచి నిలబడ్డందుకు’ అని సాదా గొంతుతో చెప్పి పాఠంలోకి వెళ్లిపోవాలి. తిడితే మిగతా పిల్లలు వాడి మీద పడతారు, ఆట కక్షగా మారుతుంది. కావాలనే జట్టుని ఓడించే పిల్లాడు ఉంటే కొన్ని రోజులు వాణ్ని ఒక్కడినే ఒక జట్టుగా పెట్టి, ఆపైన మళ్లీ కలపండి.

పదేళ్ల నుంచి పద్నాలుగేళ్ల దాకా: అసలు పాఠాలు

వారానికొకటి చొప్పున పది నుంచి పదిహేను పాఠాలు, తర్వాతి ఏడాది రెండేళ్లలో గుర్తుచేసే మరికొన్ని. ఈ కొలత తగ్గితే ఫలితం నిలవదు. కార్నెల్ విశ్వవిద్యాలయంలో గిల్బర్ట్ బాట్విన్ తయారుచేసిన ‘జీవన నైపుణ్యాల శిక్షణ’లో మూడేళ్ల మీద 15, 10, 5 పాఠాలు ఉంటాయి. యూరప్‌లో ఏడు దేశాల్లో పరీక్షించిన ‘అన్‌ప్లగ్డ్’ అనే కార్యక్రమంలో 12. ఒక శనివారం పూట మూడు గంటలు కూర్చోబెట్టి అన్నీ చెప్పేస్తే పని అయిపోయిందనుకోవడం, ఈత గురించి ఒడ్డున ఉపన్యాసం ఇచ్చి నీళ్లలోకి తోయడం లాంటిదే.

పాఠం ఎవరు చెప్పాలి? పిల్లలు ఇష్టపడే, రోజూ బడిలో ఉండే టీచరు. రెండు రోజుల శిక్షణ తీసుకోవాలి, ఒకటి రెండు పాఠాలు తోటి టీచర్ల మీద ఆడి చూసుకోవాలి. సబ్జెక్టు పరిజ్ఞానం కంటే చర్చ నడపగల ఓర్పు ముఖ్యం. 45 నిమిషాల్లో టీచరు గొంతు పదిహేను నిమిషాలకి మించి వినపడిందంటే పాఠం దారి తప్పినట్టే.

ఈ పాఠాల్లో ఉండాల్సింది నాలుగు రకాల సరుకు. ఒకటి, వాడకం గురించి ఆ వయసుకి తగిన నిజాలు: రేపు ఉదయం ఏమవుతుంది, ఆటలో ఊపిరి ఏమవుతుంది, జేబు ఏమవుతుంది, నోటి వాసన ఏమవుతుంది. రెండు, ‘అందరూ వాడుతున్నారు’ అనే భ్రమని పోగొట్టడం. మూడు, ఒత్తిడి, కోపం, దిగులు వచ్చినప్పుడు ఏం చేయాలో చేతల్లో నేర్పడం. నాలుగు, కాదనడం.

భ్రమని పోగొట్టే పాఠం మీ సర్వే మీద నడుస్తుంది. ‘మీరు వందకి 40 మంది వేప్ తాగుతున్నారని రాశారు. తాగామని రాసినవాళ్లు వందకి 6’ అని బోర్డు మీద రెండు అంకెలు పక్కపక్కన రాయండి. (ఈ అంకెలు ఉదాహరణకే. మీ బడివి మీరు రాయాలి.) తేడా ఎందుకొచ్చిందో పిల్లల్నే చెప్పనివ్వండి. తాగినవాడు గట్టిగా చెప్పుకుంటాడు, తాగనివాడు మాట్లాడడు, ఫోనులో కనపడేది మొదటివాడే. ఒక హెచ్చరిక: పెద్ద తరగతుల్లో నిజమైన వాడకం సగానికి దగ్గరగా ఉంటే ఈ పాఠం ఎత్తొద్దు. అక్కడ అంకెలు ఎదురుతిరుగుతాయి.

కాదనడం నేర్పే పాఠం ఎక్కువచోట్ల పాడవుతుంది, కాబట్టి నిమిషాల లెక్కన చెబుతాం. మొదటి ఐదు నిమిషాలు: ఎలాంటి మాటలతో అడుగుతారో పిల్లల చేత చెప్పించండి. ‘ఒక్క దమ్మే కదా’, ‘మీ అమ్మకి భయమా’, ‘మాతో ఉండాలంటే తప్పదు’. వాళ్ల మాటలే బోర్డు మీదకి రావాలి, పుస్తకంలోవి కాదు. తర్వాత పది నిమిషాలు: ఐదు దారులు చూపించండి. సూటిగా ‘వద్దు’. కారణంతో ‘వద్దు, రేపు మ్యాచ్ ఉంది’. మాట మార్చడం. ‘నువ్వూ పారేయ్, పద పోదాం’ అని వాడినే లాగడం. ఏదీ కుదరకపోతే అక్కడి నుంచి లేచి వచ్చేయడం. తర్వాత ఇరవై నిమిషాలు సాధన, పిల్లలు ఇద్దరిద్దరుగా టీచరు ముందుకి వచ్చి. ఒత్తిడి పెట్టే పాత్ర టీచరే వేయాలి. పిల్లలకి ఆ పాత్ర ఇస్తే వాళ్లు సాధన చేసేది ఒప్పించడం. పైగా క్లాసంతా నవ్వుతుంది, ఆ నవ్వు అడిగినవాడి వైపే ఉంటుంది. చివరి పది నిమిషాలు: ఏ మాట తేలిగ్గా వచ్చింది, ఏది నోట్లోనే ఆగిపోయింది, చూపు ఎటు పోయింది, గొంతు తగ్గిందా. ఒక్కో పిల్లాడు కనీసం రెండుసార్లు నోరు తెరిచి ‘వద్దు’ అనకపోతే ఆ పాఠం మళ్లీ పెట్టండి.

ఇంకొకటి గట్టిగా చెప్పాలి. అల్లరివాళ్లనీ, ఇప్పటికే పొగ తాగుతున్నవాళ్లనీ ఏరి ఒక గదిలో చేర్చి ‘ప్రత్యేక తరగతి’ పెట్టొద్దు. ఇలాంటి గుంపుల్లో ఒకడి ప్రతాపానికి ఇంకొకడి నవ్వు బహుమతి అవుతుందనీ, వాడకం పెరిగిన సందర్భాలున్నాయనీ మనస్తత్వ పరిశోధకుడు థామస్ డిషియన్, ఆయన సహచరులు 1999లో సాక్ష్యాలతో చూపించారు. అలాంటి పిల్లల్ని బాగున్న పిల్లల మధ్య, బాధ్యత ఉన్న పనుల్లో పెట్టాలి. ఎక్కువ సాయం కావాలంటే కౌన్సిలరుతో విడివిడిగా.

ఇంట్లో

ఇంటి నియమం ఒక్క వాక్యంలో, గొడవ లేని రోజున చెప్పాలి: ‘మన ఇంట్లో పద్దెనిమిది నిండేలోపు మద్యం, పొగ, మత్తు ఏవీ లేవు. తప్పితే వారం రోజులు సాయంత్రాలు బయటికి వెళ్లడం ఉండదు. కానీ ఎంత రాత్రైనా, ఏ స్థితిలో ఉన్నా ఫోన్ చేస్తే వచ్చి తీసుకొస్తాను, ఆ రాత్రి ప్రశ్నలుండవు.’ చివరి వాక్యం ప్రాణాలు కాపాడుతుంది. శిక్ష చిన్నదిగా, ఖాయంగా ఉండాలి. ‘ఇల్లు దాటనివ్వను’ అన్న పెద్ద బెదిరింపు అమలుకాదని పిల్లలకి తెలుసు.

‘ఇంట్లో కొద్దిగా రుచి చూపిస్తే బయట తాగడు’ అనే మాట వినకండి. అమెరికాలో 1997లో వెలువడిన ఒక పెద్ద సర్వే విశ్లేషణ ప్రకారం, 15 ఏళ్లలోపు తాగడం మొదలుపెట్టినవాళ్లు 21 తర్వాత మొదలుపెట్టినవాళ్లకంటే నాలుగు రెట్లు ఎక్కువగా మద్యానికి బానిసలయ్యారు. మెదడులో ఆవేశాన్ని అదుపుచేసే ముందుభాగం ఇరవైల మధ్యదాకా ఎదుగుతూనే ఉంటుంది. మొదటిసారిని ఎంత వెనక్కి జరిపితే అంత లాభం.

పిల్లలు ఎక్కడున్నారో, ఎవరితో ఉన్నారో తెలిసిన ఇళ్లలో వాడకం తక్కువ. నిజమే. కానీ ఆ తెలియడం ఎలా జరుగుతుందో స్వీడన్ పరిశోధకులు తరచి చూస్తే, ఎక్కువ భాగం పిల్లలు తమంతట తాము చెప్పడం వల్లేనని తేలింది. దొంగతనంగా ఫోను తెరవడం, సంచి తడమడం ఈ చెప్పే అలవాటుని చంపేస్తాయి. అందుకని రోజూ పదిహేను నిమిషాలు ఫోనులన్నీ పక్కన పెట్టి మాట్లాడే సమయం ఉండాలి. అందులో మార్కుల ప్రస్తావన రాకూడదు. బండి మీద పక్కనో వెనకో కూర్చున్నప్పుడు, కలిసి పనిచేస్తున్నప్పుడు ఎదురెదురుగా చూపులు కలవవు కాబట్టి మగపిల్లలు ఎక్కువ మాట్లాడతారు.

ఇంట్లో ఉన్న మందుల డబ్బాకి తాళం వేయండి. నొప్పి మాత్రలు, నిద్ర మాత్రలు, దగ్గు మందు ఎన్నున్నాయో మర్చిపోకుండా లెక్క రాసి పెట్టండి. వాడగా మిగిలినవి, గడువు దాటినవి మందుల షాపు వెనక్కి తీసుకుంటే ఇచ్చేయండి. లేదంటే రేకులోంచి తీసి మట్టితో కలిపి, మూసిన సంచిలో పెట్టి చెత్తలో వేయండి. తాతమ్మల దిండు కింద ఉండే మాత్రలు అందరూ మర్చిపోతారు.

ద్రావకాల సంగతి వేరే చెప్పాలి. థిన్నర్, జిగురు, పెట్రోలు, స్ప్రే డబ్బాలు తాళం వేసి పెట్టలేం, ఎక్కడ చూసినా ఉంటాయి. గుడ్డలకి, ఊపిరికి ఆ వాసన, మూతి చుట్టూ ఎర్రటి పొక్కులు, రంగు మరకలు, మడిచి దాచిన కవర్లు కనిపిస్తే అనుమానించండి. పీలుస్తూ పట్టుబడిన పిల్లాడి మీద అరవొద్దు, వాణ్ని తరమొద్దు, పట్టుకోవడానికి పరిగెత్తొద్దు. ఆ ఆవిరి గుండెని ఎంత సున్నితంగా మారుస్తుందంటే, ఉలిక్కిపడి పరిగెత్తినప్పుడు పొంగే అడ్రినలిన్‌తో గుండె లయ తప్పి అక్కడికక్కడే ఆగిపోవచ్చు. మొదటిసారి పీల్చినవాళ్లు కూడా ఇలా చనిపోయారు. కిటికీలు తెరిచి, మెల్లగా మాట్లాడుతూ కూర్చోబెట్టండి.

అనుమానం వచ్చినప్పుడు

ఒక్క లక్షణం చూసి నిర్ణయానికి రావొద్దు. రెండు మూడు వారాల్లో పిల్లాడి మామూలు తీరు నుంచి మూడు నాలుగు మార్పులు కలిసి రావాలి: స్నేహితులు ఒక్కసారిగా మారడం, హాజరు పడిపోవడం, ఇష్టమైన ఆట మానేయడం, డబ్బు మాయమవడం, నిద్ర తలకిందులవడం. గంజాయికి కళ్లు ఎర్రబడటం, ఆకలి పెరగడం. నల్లమందు జాతి మందులకి (హెరాయిన్, మార్ఫిన్ లాంటివి) కంటిపాప సూదిమొనంత అవడం, కూర్చున్నచోటే జోగడం. ఉత్తేజకాలకి (కొకైన్ లాంటివి) కంటిపాప పెద్దదవడం, రెండు రోజులు నిద్రలేకపోయినా చురుగ్గా ఉండటం. అయితే ఈ మార్పుల్లో చాలావరకు దిగులుకీ, తోటివాళ్ల వేధింపులకీ కూడా వస్తాయి. తప్పుగా ఊహించి నిందిస్తే ఆ పిల్లాడి అసలు బాధ మనదాకా రాకుండా పోతుంది.

మాట్లాడేముందు మత్తు దిగేదాకా, మీ కోపం దిగేదాకా ఆగండి. చూసినదే చెప్పండి: ‘ఈ నెలలో ఆరు రోజులు మధ్యాహ్నం క్లాసులో లేవు. నిన్న నీ సంచిలో ఇది దొరికింది. నాకు దిగులుగా ఉంది. ఏం జరుగుతోందో చెబుతావా?’ అని ఊరుకోండి. నిశ్శబ్దం బరువుగా ఉంటుంది. దాన్ని మీరు పూరించొద్దు. ‘ఎవరిచ్చారు?’ అన్న ప్రశ్నతో మొదలుపెడితే సంభాషణ అక్కడే ఆగుతుంది, ఎందుకంటే స్నేహితుణ్ని పట్టివ్వడం వాడి దృష్టిలో మత్తుకంటే పెద్ద తప్పు.

బడి కౌన్సిలరుకీ, డాక్టరుకీ బోస్టన్‌లో తయారైన ఆరు ప్రశ్నల పద్ధతి పనికొస్తుంది. మత్తులో ఉన్నవాళ్లు నడిపే బండి ఎక్కావా, లేదా నువ్వే అలా నడిపావా? ఊరట కోసమో, నలుగురిలో కలవడానికో వాడావా? ఒంటరిగా ఉన్నప్పుడు వాడావా? మత్తులో చేసిన పనులు మర్చిపోయావా? తగ్గించమని ఇంట్లోవాళ్లు, స్నేహితులు చెప్పారా? వాడినప్పుడు చిక్కుల్లో పడ్డావా? రెండు ‘అవును’లు వస్తే నిపుణుల దగ్గర పూర్తి పరీక్ష అవసరం. ఆ పిల్లాడు ఒంటరిగా వాడుతున్నానని చెబితే ఆ వారంలోనే పంపండి.

అందరి మూత్రం తీసి పరీక్షించడం బడి చేయాల్సిన పని కాదు. అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ కూడా బడుల్లో అలాంటి పరీక్షలని సమర్థించడం లేదు. తప్పుడు ఫలితాలొస్తాయి. పరీక్షలో దొరకని, ఇంకా ప్రమాదమైన వాటివైపు పిల్లలు జరుగుతారు. బడి మీద నమ్మకం పోతుంది.

బడి నియమం రాసేటప్పుడు

పట్టుబడగానే టీసీ ఇచ్చి పంపేయడం సులువు. మిగతా పిల్లల్ని కాపాడామన్న తృప్తీ ఉంటుంది. లెక్క మాత్రం దానికి ఎదురు. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో, ఆస్ట్రేలియాలోని విక్టోరియాలో చేసి 2015లో ప్రచురించిన అధ్యయనంలో, మత్తు వాడితే సస్పెండ్ చేసే బడుల్లోని విద్యార్థులు మరుసటి ఏడాది గంజాయి వాడే అవకాశం మిగతా బడులకంటే 1.6 రెట్లు ఉంది. సస్పెండ్ అయినవాళ్లలోనే కాదు, బడి మొత్తంలో. కౌన్సిలరు దగ్గరికి పంపే బడుల్లో ఆ అవకాశం దాదాపు సగం తక్కువ. బడి నుంచి గెంటేసిన పిల్లాడికి పగలంతా ఖాళీ. ఆ ఖాళీలో వాడికి తోడు ఎవరో ఊహించవచ్చు.

కాబట్టి నియమంలో వాడటం, దగ్గర ఉంచుకోవడం, అమ్మడం మూడింటినీ వేరుగా రాయండి. వాడినవాడికి: అదే రోజు తల్లిదండ్రులతో సమావేశం, వారంలోపు కౌన్సిలరు, ఆరు వారాలు వారానికోసారి పలకరించే ఒక టీచరు. క్లాసు ఒక్కటి కూడా పోకూడదు. తనంతట తాను వచ్చి చెప్పుకుంటే శిక్షే ఉండదని స్పష్టంగా రాయండి. అమ్మితే చట్టం ప్రకారం వెళ్లక తప్పదు. అక్కడ కూడా అమ్మించిన పెద్దవాళ్లు ఎవరన్నదే అసలు ప్రశ్న.

వస్తువు దొరికితే ఇద్దరు సిబ్బంది సమక్షంలో కవర్లో పెట్టి, అతికించి, తేదీ, సమయం, ఇద్దరి సంతకాలతో బీరువాలో ఉంచి పోలీసులకి అప్పగించాలి. వాసన చూడటం, రుచి చూడటం, మరుగుదొడ్డిలో పారేయడం చేయొద్దు. విషయం ఎంతమందికి తెలియాలో కూడా రాయండి. ప్రధానోపాధ్యాయులు, కౌన్సిలరు, పలకరించే టీచరు. స్టాఫ్ రూములో నోరుజారితే ఆ పిల్లాడికి తిరిగొచ్చే దారి మూసుకుపోతుంది.

ప్రాణం మీదికొస్తే

పిలిచినా, భుజం గట్టిగా తట్టినా, రొమ్ము ఎముక మీద పిడికిలితో రుద్దినా పలకకపోతే వెంటనే అంబులెన్సుకి ఫోన్ చేయండి. ఊపిరి నిమిషానికి పదికంటే తక్కువై, గురక లాంటి శబ్దం వస్తూ, పెదాలు నీలిరంగుకి తిరిగితే నల్లమందు జాతి మందు ఎక్కువైనట్టు భావించాలి. తల వెనక్కి వంచి, ముక్కు మూసి, ఐదు సెకన్లకొకసారి నోటితో ఊపిరి అందించండి. ఆ మందుకి విరుగుడైన నాలోక్సోన్ స్ప్రే అందుబాటులో ఉంటే ఒక ముక్కు రంధ్రంలో కొట్టి, రెండు మూడు నిమిషాల్లో మార్పు లేకపోతే రెండోది కొట్టండి. దాని ప్రభావం 30 నుంచి 90 నిమిషాలే. కళ్లు తెరిచినా ఆస్పత్రికి తీసుకెళ్లాల్సిందే, ఒంట్లో ఉన్న మత్తుమందు మళ్లీ పైచేయి సాధించవచ్చు. ఊపిరి ఆడుతుంటే పక్కకి పడుకోబెట్టి, పై మోకాలు మడిచి, వాంతి గొంతులోకి పోకుండా చూడండి. చన్నీళ్లు కుమ్మరించడం, వాంతి చేయించడం, ‘నిద్రపోతే తగ్గుతుంది’ అని వదిలేయడం వల్ల ప్రాణాలు పోతున్నాయి. ఏం తీసుకున్నాడో స్నేహితుల్ని అడిగేటప్పుడు ‘ఎవరికీ శిక్ష లేదు, డాక్టరుకి చెప్పాలి’ అనండి.

బడి బయట

బడి ఎంత చేసినా సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది దాకా పిల్లలు ఊరి చేతుల్లో ఉంటారు. ఐస్‌లాండ్ ఇక్కడ పాఠం నేర్పింది. 1998లో అక్కడ 15, 16 ఏళ్ల పిల్లల్లో 42 శాతం మంది అంతకుముందు నెలలో తాగి తూలినవాళ్లే. 2016కి అది 5 శాతం. రోజూ సిగరెట్ తాగేవాళ్లు 23 శాతం నుంచి 3కి, గంజాయి ఎప్పుడైనా వాడినవాళ్లు 17 నుంచి 7కి దిగారు. చేసినవి: ఆటలకీ సంగీతానికీ ప్రభుత్వ డబ్బు, తల్లిదండ్రులు సంతకం చేసిన ఒప్పందాలు, చలికాలంలో రాత్రి 10 తర్వాత 13 నుంచి 16 ఏళ్ల పిల్లలు వీధిలో ఉండకూడదన్న చట్టం, ఏటా బడి సర్వే. వీటిలో ఏది ఎంత పనిచేసిందో విడదీయడం కష్టం. అన్నీ కలిసి ఇరవై ఏళ్లు ఆగకుండా నడిచాయన్నది మాత్రం గమనించండి.

మీ వాడలో మొదలుపెట్టాలంటే పది పన్నెండు మందితో కమిటీ చాలు. ఇద్దరు టీచర్లు, నలుగురు తల్లిదండ్రులు, ఒక వైద్యుడో నర్సో, ఒక పోలీసు, ఒక దుకాణదారుడు, పదహారు దాటిన ఇద్దరు విద్యార్థులు. నెలకోసారి గంట. మొదటి సమావేశంలో మ్యాపు పరిచి, సర్వేలో పిల్లలు రాసిన చోట్లు చుక్కలు పెట్టండి. దీపం లేని సందు, సగం కట్టి వదిలేసిన ఇల్లు, వయసు అడక్కుండా సిగరెట్ అమ్మే కొట్టు. దీపం వేయించడం, ఇంటికి కంచె కట్టించడం నెలలో అయ్యే పనులు. కొట్టువాడితో ముందు మర్యాదగా మాట్లాడండి, చట్టం ఉన్న కాగితం ఇవ్వండి, రెండు వారాల తర్వాత మళ్లీ చూడండి. అప్పటికీ అమ్ముతుంటే ఫిర్యాదు. ఖాళీ సాయంత్రాలకి ఆటస్థలం తాళం ఎవరి దగ్గరుందో కనుక్కుని తీయించండి. అయితే పెద్దవాళ్లు లేని ఆటస్థలం మేలు చేయదు. ఒక కోచ్, హాజరు పుస్తకం, మూసే సమయం ఉండాలి.

పిల్లల్ని మత్తు అమ్మేవాళ్ల మీద గూఢచారులుగా వాడొద్దు. పెద్దలు కూడా ఆ అమ్మకందార్లని నేరుగా నిలదీయొద్దు. చోటు, సమయం, బండి వివరం రాసి పోలీసులకి ఇవ్వడంతో మీ పని అయింది.

ఏడాది తిరిగాక అదే నెలలో, అవే ప్రశ్నలతో సర్వే మళ్లీ చేయండి. ప్రశ్నల్లో ఒక్క పదం మారినా పోలిక చెడుతుంది. మొదటి ఏడాది అంకె పెరిగినా కంగారు పడొద్దు. పేర్లు బయటికి రావని నమ్మిన పిల్లలు నిజం ఎక్కువ రాస్తారు. ముందు చూడాల్సింది ‘బడిలో నా బాధ చెప్పుకోగల పెద్దవాళ్లు ఒక్కరైనా ఉన్నారు’ అన్న ప్రశ్నకి ‘లేరు’ అని రాసినవాళ్ల సంఖ్య. వాళ్లెవరో కాగితం చెప్పదు. కాబట్టి టీచర్లంతా ఒక గంట కూర్చుని, బడిలోని ప్రతి పిల్లవాడి పేరునీ గోడకి అంటించి, తమకి బాగా తెలిసిన పిల్లల పేర్ల పక్కన చుక్క పెట్టాలి. చుక్క లేని పేర్లు మిగులుతాయి. ఆ పేర్లని ఆ గది దాటకముందే ఒక్కో టీచరు ఇద్దరు ముగ్గుర్ని చొప్పున పంచుకోండి, గోడ మీది కాగితం చించేయండి, మర్నాటి ఉదయం గేటు దగ్గర వాళ్లని పేరు పెట్టి పలకరించండి.